ప్రవీణ్ మోస్తున్న నా తప్పు

ఏళ్లుగా నా గుండెల మీద ఒక బరువు ఉంది. దించుకుందామంటే ఇంట్లో ఎవరి ముందూ నోరు పెగలదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు రాస్తున్నాను. మా ఇంటి కంప్యూటర్‌ను పాడుచేసింది నేను. ఆ నింద మోస్తున్నది మా కోడలి తమ్ముడు ప్రవీణ్.

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇల్లు మాత్రం గట్టిగా నడిపాను. మనుషులు లేని గదిలో ఫ్యాను తిరిగితే ఊరుకోను. మా కోడలు సునీత టీచరు. తన పాఠాలు, పిల్లలు పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే. వైరస్ రాకుండా కాపాడేదానికి ఏటేటా డబ్బు కట్టాలంటే నేనే వద్దన్నాను. మనింట్లో ఏముందని దొంగలు పడతారన్నాను. ఫోటోలు ఇంకోచోట కూడా దాచేందుకు హార్డ్ డిస్క్ కొందామన్నా కొననివ్వలేదు. సునీత ఎదురు చెప్పలేదు. బయటి పెన్ డ్రైవ్ మాత్రం ఎవరూ దీనికి పెట్టవద్దంది. నాకూ చెప్పింది.

నా దగ్గర చిన్న స్పీకరు ఉంది. పెన్ డ్రైవ్ పెడితే కీర్తనలు పాడుతుంది. పాటలు నేనెక్కించి ఇస్తానంది సునీత, తీరిక దొరకలేదు. స్టేషన్ దగ్గర ఒక సెల్ దుకాణంలో తక్కువకే ఎక్కిస్తారంటే వెళ్లి ఎక్కించుకొచ్చాను. ఇంటికొచ్చి స్పీకరుకు పెడితే పలకలేదు. మోసం చేశాడా? అసలు పాటలున్నాయో లేవో చూసుకుని దుకాణంవాణ్ని నిలదీయాలనుకున్నాను. అందరూ బయటికి వెళ్లారు. మనవరాలు చేయగా చూసిందే కదా అని కంప్యూటర్‌కు పెట్టాను. తెర మీద ఏదో అడిగింది. మనవరాలు నొక్కే చోటే నేనూ నొక్కాను.

సాయంత్రానికి ఒక్క ఫోటో కూడా తెరుచుకోలేదు. డబ్బు కడితేనే ఇస్తామని ఇంగ్లీషులో బెదిరింపు. బాగుచేసే మనిషి వచ్చి చూశాడు. బయటి పెన్ డ్రైవ్ నుంచి వచ్చింది, ఇక ఏమీ చేయలేమన్నాడు. అప్పటికే నా పెన్ డ్రైవ్‌ను బియ్యం డబ్బాలో దాచాను. పారేయడానికి చేయి రాలేదు, కొన్నది కదా.

ప్రవీణ్ అప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లోనే ఉండేవాడు. అందరూ వాడి వైపే చూశారు.

"గేమ్‌లు గిట్ల ఎక్కించినవా తమ్మీ? నిజం చెప్పు" అంది సునీత.

"లేదక్కా, దేవుని తోడు. పొద్దున ఇంటర్వ్యూకు పోయి ఇప్పుడే గదా వచ్చిన. అత్తమ్మకు చెప్పే పోయిన. మీరన్న చెప్పుండ్రి అత్తమ్మా."

"నాకేం యాదికుంటది? పొద్దంత దాని ముందటే కూసుంటవ్. కుర్సీ అరిగింది గనీ నౌకరీ దొరకలే" అన్నాను.

మా అబ్బాయి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుతో విచారణ అయిపోయింది. ప్రవీణ్ నవ్వలేదు. నా వైపే చూశాడు. పొద్దున వాడు వెళుతూ తలుపు వేసుకోమన్నది నాతోనే. గొళ్లెం పెట్టింది నేనే. నాకు బాగా గుర్తుంది.

ఆ వారంలోనే సంచి సర్దుకుని మల్కాజ్‌గిరిలో స్నేహితుల గదికి వెళ్లిపోయాడు. సీతాఫల్‌మండిలోని మా ఇంటికి అది ఎంత దూరమని? పిలిస్తే తప్ప రాడు.

ఎందుకలా అన్నాను? ఇంట్లో అందరి తప్పులూ పట్టేదాన్ని, నా తప్పు ఒక్కటి బయటపడితే రేపటి నుంచి నా మాట ఎవరు వింటారని భయపడ్డానా, లేక వాడు మా ఇంట్లో ఊరికే తింటున్నాడన్న కసి ఎప్పటి నుంచో లోపల ఉందా, ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరిల్లుతాను. రొట్టె ముక్క అందుకుని, ఎవరి వైపూ చూడకుండా వచ్చేస్తాను.

ఇప్పుడు కంప్యూటర్‌కు సునీత పాస్‌వర్డ్ పెట్టింది. కీర్తనలు వినడానికి వాడుకోమని ఆ పాస్‌వర్డ్ నాకు చెప్పింది. మొన్న మనవరాలి పుట్టినరోజుకు ప్రవీణ్ వచ్చాడు. ఏదో కాగితం ప్రింటు తీసుకుంటానన్నాడు. "పాడైంది తమ్మీ" అంది సునీత. పాడవలేదు. వాడికి అర్థమైంది. టీ తాగకుండానే లేచాడు. సొంత తమ్ముణ్ని నమ్మదు, నన్ను నమ్ముతుంది.

ఈ మధ్యాహ్నం రాస్తూ రాస్తూ ఒకసారి పైకే అన్నాను. పెట్టింది నేను, ప్రవీణ్ కాదు. వినవలసిన ఇద్దరూ వినలేదు. సునీత బడి నుంచి వచ్చాక ఇదే మాట నోట వస్తుందో లేదో చెప్పలేను. వచ్చినా వాళ్లు క్షమిస్తారనుకోను. కానీ నిజం నా గొంతులో ఎలా ఉంటుందో ఇవాళే విన్నాను. కాస్త ఊపిరి ఆడుతోంది.