మిద్దె ఇచ్చినాయన

గద్వాల నుంచి అలంపూర్ పోతుంటే దారిలో బస్సు టైరు పంక్చరైంది. అంతలోనే వాన అందుకుంది. ప్రయాణికులమంతా రోడ్డు పక్కనున్న మట్టి మిద్దెలోకి పరుగెత్తాం. ఆ ఇంటి అవ్వ మమ్మల్ని ఎవరని కూడా అడగలేదు. మంచాన్ని గోడకు నిలబెట్టి చోటిచ్చింది. మాలో ఒకాయన బురద చెప్పులతోనే, పొద్దున అలికిన నేలంతా తిరిగాడు. నాకు కోపమొచ్చింది గానీ ఆమెకు రాలేదు. పైగా ఓ మూల మిద్దె కారుతోంది.

గోడకు బైబిల్ వాక్యాల క్యాలెండర్ కనిపించింది. నేనూ చర్చికి పోయేవాణ్ణేనని చెప్పి, "ఇల్లంతా పాడుచేశాం అవ్వా" అన్నాను.

కారే చోట గిన్నె పెడుతూ ఆమె నవ్వింది.

"గిదేం పాడు బిడ్డా? యేసయ్య ఉన్న ఇంటికి నలుగురొచ్చి, జనంల లోపలికి తొవ్వ దొరక్క మిద్దె పెకిలించి, పక్షవాతమొచ్చినోన్ని మంచంతోని లోపలికి దించిండ్రు గద. ఆ నలుగురి విశ్వాసం గురించి పాస్టరు శాన సార్లు చెప్పిండు. ఇంటాయన సంగతి ఎవ్వరు చెప్పరు. నెత్తిమీద మన్ను రాలుతుంటె గూడ ఒక్క మాటన్నట్టు రాసిలేదు. గాయన గొప్పోడు."

చిన్నప్పటి నుంచి వింటున్న కథ. ఆ ఇంటికి ఒక యజమాని ఉంటాడనే నాకు తట్టలేదు. కళ్లు మూసుకుని ఆయనకో దండం పెట్టుకున్నాను.

వాన తెరిపిచ్చింది, బస్సు హారన్ మోగింది. మేం రోడ్డెక్కుతుంటే అవ్వ గుమ్మంలోంచి కేకేసింది.

"మల్ల రాండ్రి బిడ్డా! తలుపు తీసే ఉంటది. మిద్దె జోలికి మాత్రం పోకుండ్రి!"