హాంబర్గ్ రేవులో బ్రేకు మావయ్య

పెళ్లి కాని ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎంత పెద్ద విషయమైనా ఒకటి, రెండు, మూడు అని విడగొడితే చచ్చినట్టు లొంగుతుందని. స్నానానికి కూడా మనసులో వరుస వేసుకునేవాణ్ణి (నీళ్లు, సబ్బు, మళ్లీ నీళ్లు, ఈ వరుస మారితే ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా?). మేం పుట్టి పెరిగిన రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లోనే ఇంజినీరింగ్ చదివాను. ప్రేమ్ బజార్ గేటు దగ్గరున్న ఆ పెద్ద కాలేజీలో కాదు; దాని గోడ చూస్తూ సైకిలు తొక్కుకుంటూ వెళితే వచ్చే ఇంకో చిన్న కాలేజీలో. చదువయ్యాక విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరాను. జీవితం అంకెల ప్రకారం సాఫీగా నడుస్తుండగా, ఏ వరుసలోనూ ఇమడని పని ఒకటి నా నెత్తిన పడింది. టీచరమ్మను నాకిచ్చి పెళ్లి చేయమని వాళ్ల నాన్నను అడగాలి.

టీచరమ్మ అంటే మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగు బడిలో లెక్కలు చెప్పే అమ్మాయి. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె టీచరమ్మే, నాక్కూడా. వాళ్ల నాన్న బ్రేకు మావయ్య. మావయ్య అన్నది రక్తసంబంధం వల్ల కాదు. రైల్వే వర్క్‌షాపులో మా నాన్నతో ఒకే విభాగంలో పనిచేసిన వాళ్లంతా మాకు మావయ్యలే. సర్వీసు మొత్తం బోగీల బ్రేకులు పరీక్షించడంలోనే గడిపాడు కాబట్టి బ్రేకు మావయ్య. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక మా ఫ్యాక్టరీలోనే ఇన్‌స్పెక్షన్ సూపర్‌వైజరుగా చేరాడు. ఆయనకు నా మీద కోపమేమీ లేదు. అయితే అల్లుడనేవాడు రైల్వేలోనే ఉండాలని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు. ఆయన తండ్రి రైల్వే, తాత రైల్వే. ప్రైవేటు ఫ్యాక్టరీ ఇంజినీరు ఆయన లెక్కలో ఇంజినీరే గానీ అల్లుడు కాడు. పైగా నెలాఖరుకు పలాస నుంచి గూడ్సు బండి గార్డొకడు టీచరమ్మను చూడ్డానికి వస్తున్నాడని కబురు.

సరిగ్గా అప్పుడే మా ఫ్యాక్టరీ జర్మనీలో ఒక యంత్రం కొంటూ, దాన్ని పరీక్షించి రమ్మని మావయ్యనూ నన్నూ హాంబర్గ్ పంపింది. ఆ కబురు చెప్పగానే టీచరమ్మ కళ్లు మెరిశాయి.

“ఇక్కడ అడిగితే మా నాన్న పక్కన మా అత్తలు నలుగురూ కూర్సుంటారు. అక్కడైతే ఒక్కడే. పారిపోదామన్నా దారి తెలీదు. అడిగీ.”

“ఒకవేళ కాదంటే?”

“నువ్వు అడక్కండా తిరిగొస్తే నేనే కాదంతాను.”

ఇక చూడండి, అడగడానికి అనువైన సందర్భాలన్నీ వరుసగా మనసులో పెట్టుకున్నాను. విమానంలో అడుగుదామంటే ఎక్కింది మొదలు దిగేదాకా మావయ్య గురక. భోజనాల దగ్గర అడుగుదామంటే ఆ దేశపు గట్టి రొట్టెతో ఆయన కుస్తీ (“ఏట్రా ఇది, బ్రేకు బ్లాకా?”). హోటల్ గదిలో అడుగుదామంటే వీడియో కాల్లో నలుగురు అత్తలూ వరసగా ప్రత్యక్షం. యంత్రం పాసయింది, సంతకాలయ్యాయి. నేను గొంతు సవరించుకోవడం, ఆయన “దగ్గు మందేసుకో బాబూ” అనడం తప్ప ముందుకు కదిలిందేమీ లేదు. చివరికి ఒక్క ఆదివారం మిగిలింది. ఆ రోజు కంపెనీవాళ్లు మర్యాద కొద్దీ మాకు పాత రేవు చూపించే ఏర్పాటు చేశారు. సెగ్వే మీద.

సెగ్వే అంటే ఒక చిన్న పీట, దానికి చెరో పక్క ఒక్కో చక్రం, పట్టుకోవడానికి ముందు ఒక నిలువు కర్ర. అంతే. పడిపోవడానికే పుట్టినట్టుండే ఆ బండి పడకుండా నిలబడుతుంది. దాన్ని చూసి నేను కాసేపు అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే కాలేజీలో నా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అదే సూత్రం మీద. చక్రాల బండి మీద నిలువుగా నిలబెట్టాల్సిన కడ్డీ. నాలుగు పేజీల సమీకరణాలు రాశాను, అవి సరైనవేనని మాస్టారు ఒప్పుకున్నారు కూడా. కడ్డీ మాత్రం ఒప్పుకోలేదు, ఒక్కసారీ నిలబడలేదు. ఇప్పుడు అదే సూత్రం నిలువెత్తు మనుషుల్ని మోస్తూ, ఎదురుగా నిశ్శబ్దంగా, వినయంగా నిలుచుని ఉంది. గుళ్లోకి వెళ్లినప్పుడు కలిగేలాంటి భక్తి కలిగింది నాకు.

మావయ్యకు భక్తి కలగలేదు. వంగి, చుట్టూ తిరిగి, చక్రాల వెనక వేలు పెట్టి వెతికాడు.

“బ్రేకేదిరా?”

“లేదు మావయ్యా.”

“నేదా? దీదీని అడుగు.”

దీదీ అంటే మా గైడు, ఆరడుగుల జర్మన్ ఆవిడ. పరిచయమైన మరుక్షణం నుంచీ ఆయన ఆవిణ్ణి మా ఊరి అలవాటు ప్రకారం అక్కా అన్నట్టు అలాగే పిలుస్తున్నాడు, ఆవిడా పలుకుతోంది. నేను ఇంగ్లీషులో అడిగి వచ్చాను. “ముందుకు వంగితే వెళ్తుందట, వెనక్కి వాలితే ఆగుతుందట.”

“అయితే నా నడుమే బ్రేకా? ఆ నడుం సరిగ్గా నేకే కదరా, ఇంట్లో మంచం దిగడానికి గోడ పట్టుకుంటన్నాను! బ్రేకు తేడాగా ఉన్న బోగీని ఏనాడూ గేటు దాటనివ్వనేదు నాను. ఇప్పుడు అసలు బ్రేకే నేని బండెక్కమంటావేటి?”

ఈలోగా మాతోపాటు వచ్చిన ఒక తెల్లజుట్టు ముసలావిడ చక్కగా ఎక్కి, మా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మావయ్య వైపు చూసి నవ్వింది. ఆయన హెల్మెట్ పట్టీ బిగించాడు. “ఠీక్ హై. ఆవిడ పడకపోతే నానెందుకు పడతాను?” అన్నాడు. ఎక్కాడు, ఊగాడు, రెండు నిమిషాల్లో ముసలావిడ వెనకే బయల్దేరాడు. నేనా? నా తలలో నాలుగు పేజీల సమీకరణాలున్నాయి, మడమల్లో భయముంది. బండి తల మాట వినలేదు, మడమల మాట వింది. భయంతో వెనక్కి వాలేసరికి నేరుగా వెనక్కి వెళ్లి పూలకుండీల మధ్య ఆగాను. “అదేట్రా, షంటింగు సేస్తన్నావా?” అని దూరం నుంచి మావయ్య.

ఎలాగో బయల్దేరాం. ఆ తర్వాత గంటసేపు చూసినదాన్ని చెప్పాలంటే నాకు ఇప్పటికీ వరుస దొరకదు. కాలువకు రెండు పక్కలా ఎర్ర ఇటుకల గోదాములు, ఆకాశాన్ని కోస్తున్నట్టు వరసగా మొనదేలిన కప్పులు, వాటి మీద పచ్చబడ్డ రాగి రేకులు. ప్రతి గోదాము నెత్తి నుంచీ ఒక కప్పీ నీళ్లమీదికి చెయ్యి చాచి ఉంది. పడవల్లోంచి కాఫీ, టీ, మిరియాలు, తివాచీలు నేరుగా పై అంతస్తులకు ఎక్కించడానికట. మా బళ్లు చప్పుడు చేయవు కాబట్టి, మేమే ఆగి ఉండి ఊరే మా పక్కనుంచి జారిపోతున్నట్టుంది. వంతెన మీద దీదీ ఆపి, ఈ గోదాములన్నీ నీళ్లలో దిగేసిన చెక్క దుంగల మీద నిలబడి ఉన్నాయని చెప్పింది. నేను తెలుగులో చెప్పగానే మావయ్య కర్ర పట్టుకునే కిందికి తొంగిచూశాడు (బండి కూడా ఆయనతో పాటు రెండడుగులు తొంగిచూసింది).

“సెక్కే? కుళ్లిపోదేటి?”

“గాలి తగలకుండా నీళ్లలోనే ఉంటే కుళ్లదట మావయ్యా.”

ఆయన ఇంకోసారి ఆ నీళ్లలోకి చూశాడు. తర్వాత అడిగాడు: “అంతకుముందిక్కడ ఎవులుండీవోరో అడుగు.” రేవు కూలీల ఇళ్లుండేవని, గోదాముల కోసం వాళ్లందర్నీ ఖాళీ చేయించారని దీదీ చెప్పింది. మావయ్య తలాడించి, ఆ గోడనొకసారి ఆప్యాయంగా తట్టాడు. ఏళ్లతరబడి నల్లబడిన ఎర్ర ఇటుక, పొడుగాటి కిటికీలు. మా వర్క్‌షాపు గోడ కూడా అచ్చం ఇలాగే ఉంటుందని నాకూ అప్పుడే తట్టింది.

గోదాములు అయిపోయాక మలుపు తిరిగాం. ఒక్కసారిగా నది తెరుచుకుంది. సముద్రం ఇక్కడికి చాలా దూరమట, అయినా సముద్రపు ఓడలన్నీ ఈ నదిలోంచే ఊరిదాకా వచ్చేస్తాయట. అవతలి ఒడ్డున, నీటి పొడుగునా క్రేన్లు, మేత మేస్తూ తలెత్తిన జిరాఫీల మందలా. ఎదురుగా గట్టు పక్కనుంచే ఒక ఓడ బయల్దేరుతోంది. ఓడ అని తెలియడానికే నాకు కొంత సమయం పట్టింది. మొదట అదొక వీధి అనుకున్నాను, చూస్తుండగానే ఆ వీధి కదిలింది. పెట్టెల మీద పెట్టెలు, ఒక్కో పెట్టె మా రైల్వే క్వార్టరంత. ఇంత ఇనుము నీళ్లమీద ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా పోతుంటే నోరు తెరుచుకుని చూశాను. మావయ్యా అంతే.

“ఎన్ని బోగీల పొడుగుంటాదంటావు?” అన్నాడు చివరికి, గుసగుసగా.

“పద్దెనిమిది ఉండొచ్చు.”

“అయితే మన ఊరి పొడుగాటి ప్లాట్‌ఫారం ముందు పొట్టిదే” అన్నాడు తృప్తిగా. గొంతులో మాత్రం ఏ గొప్పా లేదు.

మరుసటి ఉదయమే విమానం. ఇంతకంటే మంచి సమయం ఇక రాదనిపించింది. పక్కన దీదీ లేదు, నలుగురు అత్తలు లేరు. “మావయ్యా, మీతో ఒక విషయం...” అన్నాను.

“ముందు సూడరా, సూడు! అడగడానికేటి, ఎప్పుడైనా అడగొచ్చు.”

అప్పుడే ఓడ కూత వేసింది. అబ్బ, ఏం కూత అది! ముందు కాళ్ల కింద రాయి అదిరింది, తర్వాత ఛాతీ అదిరింది, ఆ తర్వాతే చెవికి వినిపించింది. దీర్ఘంగా, బొంగురుగా, ఊరంతా నిండిపోయేలా. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఖరగ్‌పూర్‌లో మాకు వర్క్‌షాపు కూతే గడియారం. సాయంత్రం కూత వినగానే గేటు తెరుచుకుంటుంది, వేల సైకిళ్లు ఒక్కసారిగా బయటపడతాయి. ఆ వరదలో ముందుండాలంటే కూత మొదలైన క్షణంలోనే హ్యాండిల్ మీదికి వంగి పెడలు తొక్కాలి. మావయ్య సర్వీసంతా అలాగే వంగాడు. నేను చిన్నప్పుడు నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని, ఆయనతో పాటే వంగి పెరిగాను. ఇది బుర్రలో ఉండే విషయం కాదు, ఎముకల్లో ఉంటుంది.

కూత వినగానే ఇద్దరం వంగాం. పూర్తిగా, నిండా, ఇంటికి వెళ్లేవాళ్లలా.

బండికి ఖరగ్‌పూర్ సంగతులేం తెలుసు? వంగమంటే వెళ్లమని అర్థం. మావయ్యా నేనూ గట్టు పొడుగునా పక్కపక్కనే బాణాల్లా దూసుకుపోయాం. వెనక దీదీ జర్మన్‌లో ఏదో అరుస్తోంది. పావురాలు లేచిపోయాయి, ఐస్‌క్రీం తింటున్న ఒక కుటుంబం లేచిపోయింది. “బ్రేకు! బ్రేకు!” అని మావయ్య కేక. “నడుం మావయ్యా, నడుం!” అని నేను. ఇద్దరం ఒకేసారి వెనక్కి వాలాం. ఓడల్ని తాళ్లతో కట్టే ఇనప దిమ్మకు బెత్తెడు దూరంలో బళ్లు ఆగి, తలాడిస్తూ నిలబడ్డాయి.

కాసేపు ఊపిరి తీసుకోవడంతోనే సరిపోయింది. తర్వాత మావయ్య నా వైపు తిరిగాడు.

“నానంటే అలవాటు కొద్దీ పరిగెట్టినాను. నువ్వెందుకు పరిగెట్టినావురా?”

“కూతేసింది కదా మావయ్యా.”

“ఓడ కూత కదరా అది!”

“మరి మీకు?”

ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. బండి కూడా ఆ నవ్వుకు తగ్గట్టు ముందుకీ వెనక్కీ ఊగింది. కళ్లు తుడుచుకుని, “సరే, అడుగు మరి. వచ్చిన కాణ్ణుంచి దగ్గుతున్నావు” అన్నాడు.

నేను తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. కాళ్లు వణుకుతున్నాయి, కాళ్లు వణికితే ఆ బండి నిలవదు. “మావయ్యా, టీచరమ్మని” అని ముందుకెళ్లాను, “నాకిచ్చి” అని వెనక్కొచ్చాను, “పెళ్లి” అని మళ్లీ ముందుకెళ్లాను, “చేస్తారా” అనేసరికి ఆయనకు వీపు చూపిస్తూ అటు తిరిగి ఉన్నాను.

“ఇటు తిరిగి అడుగురా బాబూ!”

తిరిగి అడిగాను. ఆయన నదివైపు చూశాడు.

“మా అమ్మాయి మనం బయల్దేరినప్పుడు స్టేషన్లోనే సెప్పీసింది. ఆడు పిల్లనిమ్మని అడుగుతాడు, అడిగినదాకా నువ్వు నోరిప్పకు అని. నాను కాదనీడానికే కూర్సున్నాను. రైల్వే ఉద్యోగం నేనోడికి పిల్లనెలా ఇస్తానని.” ఓడ వైపు చెయ్యి చూపించాడు. “జీతం రైల్వేది కాకపోతే ఏటిలే. ఇంత దూరమొచ్చి, ఓడ కూతేస్తే ఇంటికి పరిగెట్టినోడివి. నిన్ను మావోడు కాదని ఎలా అంతాను? పలాస వోళ్లకి నాను సెప్పుకుంటాలే.”

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దాయన అంత మాట అన్నాక మనవాళ్లెవరైనా ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. కాళ్లకు దండం పెడదామని భక్తిగా, పూర్తిగా వంగాను. బండి మీద ఉన్నానన్నది మరిచేపోయాను.

మావయ్య కాళ్లు ఒక్కక్షణం కనిపించి మాయమయ్యాయి. “ఒరే, ఎనక్కి! ఎనక్కి వాలరా అల్లుడా!” అన్న కేక దూరమవుతూ వినిపించింది. అల్లుడా అని ఆయన నన్ను మొదటిసారి పిలిచింది అప్పుడే. వినడానికి నేను ఆగలేకపోయాను. గట్టు చివర చుట్ట చుట్టి పెట్టిన లావుపాటి తాళ్ల గుట్టలో బండి ఒక పక్కా నేనొక పక్కా పడ్డాం. దెబ్బేమీ తగల్లేదు. వెల్లకిలా పడి కళ్లు తెరిస్తే, పైన ఆకాశం బదులు ఆ ఓడే ఉంది. నల్లటి గోడలా, అంతూ పొంతూ లేకుండా, నా మీదుగా నెమ్మదిగా జారిపోతోంది. ఎక్కడో పైన, కటకటాల దగ్గర, నారింజరంగు చొక్కా తొడుక్కున్న ఒక నావికుడు నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను పడుకునే రెండు చేతులూ ఎత్తి, “నాకు పెళ్లి కుదిరిందండీ!” అని తెలుగులో గట్టిగా అరిచాను. ఆయనకేం అర్థమైందో, టోపీ తీసి మళ్లీ ఊపాడు.

టీచరమ్మకు ఆ రాత్రి ఫోన్లో చెప్పాను గానీ (“నువ్వు పడ్డావట కదా, నాన్న ముందే సెప్పీసాడు” అంది), ఈ ప్రపంచంలో ఆ కబురు అందరికన్నా ముందు విన్నది ఆ నావికుడే. ఆయన ఏ దేశం మనిషో, ఇప్పుడు ఏ సముద్రం మీదున్నాడో తెలియదు. హెల్మెట్ పక్కకు జారిపోయి, తాళ్ల గుట్టలో పడి, దారినపోయే ఓడకు తన సంతోషం చెప్పుకుంటున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఒక్కోసారి, ఆ నావికుడి పక్కన నిలబడి, పైనుంచి వాణ్ణి ఒకసారి చూడాలని కూడా అనిపిస్తుంది.