నక్షాలో దొరకని మూడంగుళాలు

కృపాకర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు బిగించి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చోవడం చేతగాక ఇంట్లో విసుక్కుంటున్న రోజుల్లో, రైలింజన్ల పిచ్చి ఉన్న మొఘల్‌పురా బట్టల వ్యాపారి సోమశేఖర్ ఒక పాత నక్షా పట్టుకుని వచ్చాడు. ఒక ఆవిరి ఇంజనును పెద్ద బాయిలరుతో ఎలా మార్చాలో, తొంభై ఏళ్ల కిందట ఎవరో ఇంజనీరు గీసిపెట్టింది. ఆ మార్పు కాగితం దాటలేదు. అదే రకం ఇంజనొకటి సోమశేఖర్‌కు తుక్కులో దొరికింది. దబీర్‌పురా స్టేషన్ దగ్గరి రేకుల షెడ్డులో పని మొదలైంది.

మొదటి నెలలోనే కృపాకర్‌కు తప్పు దొరికింది. బాయిలర్‌కే అతికి ఉండి బొగ్గు మండే ఫైర్‌బాక్స్ అడుగు వెనక ఇరుసుకు తగులుతుంది.

"గంత పెద్ద ఇంజనీరు తప్పు గీస్తడా అన్నా?" అన్నాడు సోమశేఖర్. "గీత మారిస్తే అది ఆయన ఇంజనెట్లయితది?"

"ఆయన కట్టి చూడలే సార్. కట్టుంటే ఆయనే మారుస్తుండె."

సోమశేఖర్ వినలేదు. కృపాకర్ అలిగి ఎనిమిది రోజులు షెడ్డు మొహం చూడలేదు, ఇంట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేశాడు.

"గిన్నెల మీద నీ కోపమేంది? పో, పనికన్న పో," అని భార్య సుజన కసిరింది. వెళ్లాడు. తప్పని తెలిసి తెలిసి, రెండేళ్లు నక్షా ప్రకారమే కట్టాడు. వందల బోల్టులు తన చేత్తోనే బిగించాడు.

బాయిలర్ దించే రోజు పూలదండలు, ఫోటోలవాళ్లు, పిలిచిన పెద్దలు. క్రేన్ గొలుసు మెల్లగా దిగింది, బాయిలర్ కూర్చోవలసిన చోటికి మూడంగుళాల పైనే ఆగిపోయింది.

"ఔర్ నీచే, భాయ్?" అని ఇంకా కిందికి దించాలా అన్నట్టు చూశాడు క్రేనతను.

"ఏడికి నీచే? ఇరుసు మీద కూసున్నది!" అని అరిచాడు కృపాకర్.

తన మాటే నిజమైనందుకు కృపాకర్‌కు సంతోషం కలగలేదు. ఆ బోల్టులన్నీ మళ్లీ ఊడదీయాలి. చేతిగుడ్డ నేలకు కొట్టి బయటికి నడిచాడు.

మర్నాడు సోమశేఖర్ నక్షా, పెన్సిలూ తెచ్చి ముందు పెట్టాడు. "నువ్వే గియ్యన్నా. నాకు సమజ్ కాలే."

"రెండేండ్లు పోయినయి సార్," అన్నాడు కృపాకర్. ఫైర్‌బాక్స్ అడుగును ఇరుసు మీదుగా ఏటవాలుగా గీశాడు.

ఊడదీసి మళ్లీ కట్టడానికి పదహారు నెలలు పట్టింది. ఈసారి బాయిలర్ సరిగ్గా కూర్చుంది. చన్నీళ్లు నింపి ఒత్తిడి పెడితే ఒక్క చుక్క కారలేదు. అయితే నిప్పు పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. పెన్సిలు గీతకు ఇంజనీరు సంతకం లేదని కాగితాలు రెండుసార్లు తిరిగొచ్చాయి. సంతకం చేసే ఇంజనీరు ఇంకా దొరకలేదు.

"ఫికర్ చేయకన్నా, అయితది," అంటాడు సోమశేఖర్.

"మీకేం సార్, అంటరు. నాకు అరవై తొమ్మిది," అని కృపాకర్ కసురుకుంటాడు. అయినా రోజూ పొద్దున్నే షెడ్డు తెరిచి, తుప్పు పట్టకుండా ఇంజనుకు నూనె పూస్తాడు.