ఎండాకాలం కండ్లు లేని సీతాకోకలు

ఎనభైల మొదట్లో హోసూరులో ఉంటూ సీతాకోకచిలుకల మీద పరిశోధన చేసేవాణ్ణి. ఒకే జాతి గోధుమరంగు సీతాకోకల్లో హోసూరువాటికి రెక్కల అడుగున కళ్ళలాంటి గుండ్రటి మచ్చలు, అంటే కంటిబొమ్మలు, ఉండేవి, కృష్ణగిరివాటికి ఉండేవి కావు. ఎగువ చలిప్రాంతానిదొక రకం, దిగువ వేడిప్రాంతానిదొక రకం అని మూడేళ్లు తిరిగి తేల్చాను. కృష్ణగిరివి ఇంకో నాలుగు దొరికితే సిద్ధాంతగ్రంథం ముగుస్తుందని, ఒళ్ళు సహకరించకపోయినా ఏప్రిల్లో అక్కడికి బయల్దేరాను.

ఉదయం ఆరింటి బస్సు, టికెట్టు ఐదు రూపాయల లోపే. శూలగిరి దాటేసరికే చెమటలు. ఒళ్ళో పాత నమూనాల పెట్టె, అది ఒరగకుండా దారంతా రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. కృష్ణగిరిలో దిగి ఇడ్లీ తిని, కొండ దిగువ తుప్పల్లో పన్నెండు దాకా వెతికితే రెండే దొరికాయి. కాళ్ళు పీకుతుంటే ఒక బండ నీడలో కూలబడ్డాను. మేకలు మేపుకుంటూ ఒకామె వచ్చి, తన పేరు మునెమ్మ అని చెప్పి, పెట్టెలోకి తొంగి చూసింది.

"ఏందప్పా, వానలప్పటివీ ఎండలప్పటివీ పక్కపక్కన గుచ్చిపెట్టినావు?"

"అవి హోసూరువమ్మా. ఇవి ఈడివి."

"యాడైతే ఏమప్పా? వాన పడితే ఈడా కండ్లుండేవే వస్తాయి. ఎండలకు ఎండుటాకు మాదిరి ఉండేవి వస్తాయి. నా పుట్టిల్లు హోసూరు పక్కనే, ఆడా ఇంతే. మేకల ఎనకాల తిరిగేదాన్ని, నాకు తెలీదా?"

ఈమె నాకు పాఠం చెప్పడమేంటని ఒళ్ళు మండింది. పెట్టె మూసుకుని లేచి వచ్చేశాను. బస్టాండులో పెట్టె తెరిస్తే ప్రతి చీటీ మీదా ఊరి పేరే ఉంది. ఊళ్ళ తేడా వెతికేవాడికి నెలతో పనేంటని రాయలేదు మరి. ఏటా సెలవులు దొరికేది అప్పుడేనని వేసవంతా కృష్ణగిరిలో, బురదదారులకు జడిసి వానాకాలమంతా హోసూరులో పట్టేవాణ్ణి.

మూడింటి బస్సులో నిలబడే తిరిగొచ్చాను. ఇంటికి పోకుండా, వానల్లో ఎప్పుడూ పట్టే వెదురుపొద దగ్గరికే వెళ్ళాను. ఎండుటాకుల్లో అడుగు పెట్టగానే ఒకటి లేచి, మళ్ళీ వాలి రెక్కలు మూసింది. అడుగున ఒక్క కంటిబొమ్మా లేదు. దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది.

ఆ గ్రంథం మళ్ళీ మొదటినుంచి రాశాను. పోయిన మూడేళ్ల కంటే, ఆమెకు ఒక్క మంచిమాట చెప్పకుండా లేచి వచ్చిందే ఇప్పటికీ బాధ. ఈ దారిన వెళ్ళేవారికి ఒకటే సలహా: ఏప్రిల్లో చూసిన చోటికే వానల్లోనూ వెళ్ళండి, చీటీ మీద నెల రాయండి. ఆ సాయంత్రం పట్టినదాని చీటీ ఇంకా నా దగ్గరుంది. హోసూరు, ఏప్రిల్. చెప్పినవారు: మునెమ్మ.