గోడవార నాలుగు గీతలు

మడతల మేస్త్రి ఎవరి మాటా ఒకపట్టాన నమ్మే రకం కాదు. కొలతలకని ఒక ఇంటికి వెళ్తాడు. "మేమిద్దరమేనండీ ఉండేది" అని ఇల్లాలు చెబుతుంది. ఆ మాట ఒక చెవిన వేసుకుని, చేతులు కడుక్కునే వంకతో బాత్రూంలోకి దూరి పళ్ల బ్రష్షులు లెక్కపెట్టుకొస్తాడు. "మీ అత్తగారు నెలకు ఇరవై రోజులు ఇక్కడే ఉంటారని ముందే చెప్పొచ్చు కదమ్మా" అని మొహం మీదే అడిగేస్తాడు. ఆవిడ తెల్లబోతుంది. మనిషి నోరు అంతే గానీ, పనితనానికి వంక పెట్టలేం. గోడలోంచి దిగే మంచం, మంచం కిందనుంచి జారే బల్ల, బల్ల పక్కల్లో ఒదిగిపోయే కుర్చీలు. అగ్గిపెట్టెల్లాంటి ఫ్లాట్లు కట్టినన్నాళ్లూ తనకు పనికి కొదవ లేదనేవాడు. నిజమే.

ఆయనకు షోరూం లేదు. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగది, అదే కాపురం, అదే షోరూం. కొత్త మంచం ఏది చేసినా ముందు ఇంట్లోనే బిగిస్తాడు. మొగుడూ పెళ్లాం దాని మీద నెలో రెండు నెలలో పడుకుంటారు. మడతబందు ఎక్కడ కిర్రుమంటుందో, పలక ఎక్కడ వంగుతుందో చూసుకుంటాడు. ఈలోగా కొనేవాళ్లు వస్తారు. భార్య లేచి, దిండు తీసి, ఒంటి చేత్తో మంచాన్ని గోడలోకి నెట్టి చూపిస్తుంది. వాళ్లు ముచ్చటపడి అదే కావాలంటారు. మర్నాడు ఆ మంచం వెళ్లిపోతుంది, దాని చోటికి ఇంకోటి వస్తుంది. పెళ్లయిన పదమూడేళ్లుగా ఇదే వరస.

భార్య ఆసుపత్రిలో రక్తం తీసే పని చేస్తుంది. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరుతుంది. ఆ వేళకే కొనేవాళ్లూ వస్తారు.

ఒక మంగళవారం మేస్త్రి ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. కిటికీ పక్క మూలన తన పలకలు, ముక్కలు నిలబెట్టుకుంటాడు. చూస్తే అవి జానెడు పక్కకు జరిగి ఉన్నాయి. వాటి వెనక గోడ మీద రెండు గీతలు, నేల మీద రెండు గీతలు. ఎర్రటి పెన్సిల్, మందపాటి మొన. తను వాడేది సన్నటి నల్ల పెన్సిల్. భార్య చేతిగీత కాదు, ఆవిడ గీస్తే తాడులా వంకరపోతుంది.

ఎవడో వడ్రంగి తన ఇంట్లోకి వచ్చాడు! తను లేనప్పుడు వచ్చి, కొలతలు తీసుకుని, పలకలు మళ్లీ అడ్డం పెట్టి మరీ పోయాడు!

టేపు తీసి కొలిచాడు. వెడల్పు మూడడుగులు. పొడవు ఆరుంపావు. ఒక్క మనిషి పట్టేంత చోటు. మడతబందు ఎక్కడ పడుతుందో చూద్దామని గోడంతా వెతికాడు. బందు పడే చోట ఏ వడ్రంగైనా ఒక చుక్క పెట్టుకుంటాడు. ఇక్కడ చుక్క లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. బందు లేని వస్తువు ఈ ఇంట్లో ఏముంటుంది? గోడ తప్ప!

అంతే, తేలిపోయింది. పెళ్లాం గదికి అడ్డంగా చెక్క గోడ కట్టించి తన వాటా తను వేరు చేసుకుంటోంది. మీకూ నాకూ ఇంకేదైనా తట్టేదేమో. ఆయనకు మాత్రం అదే తట్టింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

మధ్యాహ్నం భార్య వచ్చింది.

"ఆ మూలన గీతలేమిటి?" అన్నాడు, మామూలుగా అడుగుతున్నట్టు.

"మీరు గీసినవే అయ్యుంటాయి. ఈ ఇంట్లో మీరు గీయని గోడ ఏదన్నా ఉందా?" అని ఆవిడ చెప్పులు విప్పి వంటగదిలోకి పోయింది.

అబద్ధం. పచ్చి అబద్ధం. పదమూడేళ్లలో తనతో అబద్ధమాడని మనిషి! మేస్త్రికి అన్నం సహించలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఫోను మోగితే చాలు, చేతిలో పని ఆపేసి చెవులు రిక్కించేవాడు. గురువారం కష్టపడ్డందుకు ఫలితం దక్కింది. "ఆయనకు తెలీకుండానే కానివ్వండి. తెలిస్తే ఇక అది జరగదు" అంటోంది ఆవిడ వంటగదిలో గొంతు తగ్గించి. మేస్త్రి చేతిలోని డబ్బా జారి స్క్రూలు నేలంతా చిందాయి. కూర్చుని ఏరుకున్నాడు. ఏరుతుంటే కళ్లు చెమర్చాయి. తనేం తక్కువ చేశాడు? తాగాడా, తిరిగాడా? ఎవరిల్లు చూసినా చోటు మిగిల్చి ఇచ్చేవాడే, తన పెళ్లానికి తన పక్కన చోటు ఇరుకైపోయిందా?

శనివారానికి దొంగను పట్టాడు. ఎర్ర పెన్సిల్ చెవిన పెట్టుకు తిరిగే వడ్రంగి ఆ చుట్టుపక్కల ఒక్కడే, వెనక వీధిలో నాలుక్కాళ్ల తాత. "మంచమన్నాక నాలుగు కాళ్ల మీద నిలబడాలి, ముడుచుకోడానికి అదేమన్నా తాబేలా?" అని మేస్త్రి పనిని నలుగురిలో ఎగతాళి చేసే మనిషి. పెళ్లాం పోయి పోయి ఈయన దగ్గరికి పోయిందా!

మేకులు కావాలనే వంకతో వెళ్లాడు.

"నీ దగ్గర లేని మేకులు నా కొట్లో ఉంటాయా? వచ్చిన పని చెప్పు నాయనా" అన్నాడు తాత, చిత్రిక ఆపకుండా.

"మా ఇంట్లో గోడ కడుతున్నావట."

"గోడేంటి?" తాత తలెత్తి చూసి, గడ్డంతో వెనక్కి చూపించాడు. "అదిగో, అది."

మంచం. మూడడుగులు, ఆరుంపావు. నాలుగు లావుపాటి కాళ్లు. మేస్త్రి అలవాటుకొద్దీ మోకాళ్ల మీద కూర్చుని కిందకు వంగి బందుల కోసం తడిమాడు.

"ఏం వెతుకుతున్నావ్? ఉంటేగా దొరకడానికి! అసలు ఆ అమ్మాయి పెట్టిన షరతే అది. 'తాతా, ఎవరొచ్చి ఎంత లాగినా ఇది ముడుచుకోకూడదు' అంది. నీకు తెలిస్తే నేనే చేస్తానంటావని, చెప్పొద్దంది."

మేస్త్రి ఇంటికెలా వచ్చాడో ఆయనకే తెలియదు. భార్య వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"నన్నడిగితే నేను చేసిపెట్టనా?" అన్నాడు.

"ఎందుకు చెయ్యరు? చేస్తారు. మీరు చేస్తే దానికి బందు ఉంటుంది. బందు ఉంటే ఎవరో వస్తారు. నేను లేచి మడవాలి." ఆవిడ సంచి దించలేదు. "పదమూడేళ్లలో ఎన్ని మంచాల మీద పడుకున్నానో మీకు గుర్తుందా? ఒక్కదానికైనా నా ఒళ్లు అలవాటు పడిందా? పొద్దున్నుంచీ నిలబడి నిలబడి వస్తాను. కన్ను మూతపడే వేళకు కాలింగ్ బెల్ మోగుతుంది."

"నేను... నువ్వు వేరుపడుతున్నావనుకున్నాను."

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఒకసారి అనుకున్నాను కూడా. నిరుడు. బట్టలు సర్దుకుందామని కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చింది. పడుకోబోతే మంచమే లేదు, ఆ రోజే అమ్ముడుపోయింది."

ప్రతి ఇంట్లో బ్రష్షులు లెక్కపెట్టే మనిషి, తన ఇంట్లో ఒక మనిషి నిద్రను లెక్కపెట్టలేదు.

"మరి దాని మీద నాకు చోటేదీ?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"మీకేం, బోలెడు మోడళ్లున్నాయి" అందావిడ.

సోమవారం మంచం వచ్చింది. లిఫ్టులో పట్టలేదు. మడిచి తెచ్చే వీలు లేదాయె. మూడంతస్తులూ ఒక కొస తాత, ఒక కొస మేస్త్రి మోశారు. మెట్లమలుపు దగ్గర మేస్త్రి తిట్టుకున్నాడు గానీ, లోపలే తిట్టుకున్నాడు. కిటికీ పక్క మూలలోని పలకలన్నీ వంటగదిలోకి చేరాయి. ఇల్లు సగమైంది. నడవాలంటే పక్కకు తిరిగి నడవాలి. ఆయన జీవితంలో అంత దండగ డిజైను చూడలేదు.

మర్నాడు రెండున్నరకు బెల్ మోగబోయింది. అడుగుల చప్పుడు విని, అది మోగకముందే మేస్త్రి తలుపు తీశాడు. బయట ఇద్దరు, కొత్తగా పెళ్లయినవాళ్లు.

"మంచం మడిచి చూపిస్తామన్నారు కదండీ" అన్నాడు కుర్రాడు, లోపలికి తొంగిచూస్తూ.

మేస్త్రి తలుపు ఓరగా మూసి, అడ్డంగా నిలబడ్డాడు.

"సాయంత్రం రండి," అన్నాడు గుసగుసగా, "మా ఆవిడ పడుకుంది."