బావకు పగలే నిద్ర

మా బావ అన్నం కలుపుతూ కలుపుతూనే నిద్రలోకి జారిపోయేవాడు. "పాపం, అలిసిపోయిండు" అంటూ అమ్మమ్మ విసనకర్ర అందుకునేది. పగలు నేను కన్నుమూస్తే మాత్రం మొహాన చెంబెడు నీళ్లు పడేవి. ఆ విసనకర్రను చూస్తే నాకు ఒళ్లు మండేది.

పైగా బావకు నర్సాపూర్ బస్సు మీద డ్రైవరు పని దొరికింది. మెదక్ దవాఖానాలో ఆరోగ్య పరీక్షకు తోడు వెళ్లాను. డాక్టరు గది ముందు నిలబడి, "గీ కాంపౌండరు అన్ని జబ్బులకు ఒక్కటే ఎర్రమందిస్తడు బావా. ఆ మందు ఎవరి కోసమొచ్చిందో తెల్వక జబ్బులే పరేషాన్ అయితయి" అన్నాను.

బావ పగలబడి నవ్వాడు. మోకాళ్లు సడలి అక్కడే కూలబడ్డాడు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

డాక్టరు బయటికొచ్చాడు. "నవ్వినప్పుడల్లా గిట్లనే అయితదా?"

"అయితది సారూ. మాట్లాడుతుంటె గూడ నిద్ర ముంచుకొస్తది" అన్నాడు బావ, లేచి కూర్చుంటూ.

"గిది అలసట కాదు, జబ్బు. పట్నం పెద్ద దవాఖానల చూపించుకో. అందాక బస్సు ముట్టకు."

పని పోయింది. విసనకర్ర ఇంకా జోరందుకుంది.

"నీ జోకులు బంద్ చెయ్‌రా, పిల్లగాడు పడిపోతడు" అంది అమ్మమ్మ.

ఊరంతటిలో నా జోకులకు నవ్వేది బావ ఒక్కడే. ఆ ఒక్క నవ్వునూ జబ్బు ఎత్తుకుపోయింది.