ఖాళీ విస్తరాకు, లారీ బరువు

సారపాక వెళ్లే దారిలో ఒక ప్రైవేటు కాటా ఉండేది. జామాయిల్ కర్ర, వెదురు మోసే బళ్లు అక్కడ తూగేవి. డిగ్రీ కాగానే నాకు అందులో ఉద్యోగం దొరికింది. ఆపరేటర్ కొట్టే బండి నంబరూ, కాటా చూపే బరువూ ఒకే లైన్‌గా కంప్యూటర్‌లోకి వచ్చేవి. వాటిని విడదీసే ప్రోగ్రాం సి లాంగ్వేజ్‌లో రాయడం నా పని. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడాను. అందులో మనకు కావాల్సిన ముక్క చుట్టూ బ్రాకెట్ పెడితే అది విడిగా చేతికొస్తుంది. దాన్నే గ్రూప్ అంటారు.

ట్రాక్టర్‌కు రెండు నంబర్లు, ఇంజన్‌కు ఒకటి, ట్రాలీకి ఒకటి. అందుకే ఇంజన్, ట్రాలీ, బరువు అని మూడు గ్రూపులు పెట్టాను. లారీకి ట్రాలీ ఉండదు కాబట్టి, అప్పుడు బరువు రెండో గ్రూప్‌లోకి జరుగుతుందని నా లెక్క. మొదటి రోజు పొద్దున్నుంచీ వచ్చినవన్నీ ట్రాక్టర్లే. నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

అప్పుడు లారీ ఎక్కింది. నిండు లోడుకు బరువు సున్నా.

"ఏంది మేడం, నా బండి గాల్లో తేలుతున్నదా?" అన్నాడు డ్రైవర్. వెనక హారన్లు మొదలయ్యాయి. కాటా యజమాని ఊడిపడ్డాడు.

"ఈడి పిల్లలతోటి గిది కాదని ముందే అనుకున్న. హైదరాబాద్ మనిషికి ఫోన్ కొట్టిన, బయలెల్లుతుండు. ఆయన వచ్చేలోపు నడిస్తే ఉంటవ్, లేకుంటే ఇంటికి పో."

నాకు ఒళ్లు మండింది. ములకలపల్లి పక్కన మా గూడెంలో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి ఆడపిల్లను నేను. నేను లేస్తే ఆ కుర్చీ ఈ చుట్టుపక్కల ఇంకో 'ఈడి పిల్ల'కు దొరకదు.

కోపంలోనే అన్నం డబ్బా విప్పాను. ముందు రోజు మా ఇంట్లో కొత్త పంట బియ్యం తొలిసారి వండుకునే కొత్తల పండుగ. పోయిన పెద్దల కోసం అమ్మ వరసలో ఒక విస్తరాకు వేసి వడ్డించింది. ఆకలి మీదున్న బాబాయి ఆ జాగాలోకి జరగబోతే ఊరుకోలేదు. "ఎవలు కూసోకున్నా అది పెద్దోళ్ల జాగనే. నువ్వు నీ ఆకు కాడనే కూసో."

ముద్ద నోట్లో ఉండగానే లేచాను. రాని వాళ్ల జాగా ఖాళీగా ఉంటుందే కానీ పక్కవాళ్లు అందులోకి జరగరు. ట్రాలీ రాకపోయినా రెండో గ్రూప్ ట్రాలీదే. బరువు ఎప్పుడూ మూడోదే! ఎడమ చేత్తోనే ప్రోగ్రాం మార్చేశాను.

"అన్నా, బండి మళ్లీ ఎక్కియ్!"

బరువు పడింది. ఆపరేటర్ ఈల వేశాడు. "ఇగ దిగింది నా బండి నేల మీదికి!" అని డ్రైవర్ బల్ల చరిచాడు. వెనకున్న లారీ ఎక్కింది, దానికీ పడింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

యజమాని స్క్రీన్ వైపూ, నా వైపూ చూసి ఫోన్ తీశాడు.

"నువ్వు రాకు. మా బిడ్డనే చేసింది."

పొద్దున 'ఈడి పిల్ల'ను, అన్నం వేళకు 'మా బిడ్డ'ను. వెళ్లి ఆ ఎంగిలి చేత్తోనే మిగతా కొత్త బియ్యం అన్నం తిన్నాను. నా కుర్చీలో కూర్చునే తిన్నాను.